బ కింద ఒత్తు

పన్నెండేండ్ల కింద
ఇరవై మూడు రేకులు కోసి నా ముంగట వెట్టిండ్రు.
జానెడు పొడుగు, బెత్తెడు వెడల్పు.
నల్ల ఎనామిల్ మీద తెల్లక్షరాలు,
రేకుకు అరవై రూపాయలు. మొలలు కమిటీవోళ్లే తెచ్చుకున్నరు.
అప్పటికే ఫ్లెక్సులొచ్చి
నేరేడ్‌మెట్ల నా దుకాణం సగం మూతబడ్డది.
చానా రోజులకు బ్రష్షు దొరికిందని
ఒక్కొక్క పేరూ
ఊపిరి బిగబట్టి రాసిన.

యాప్రాల్ దిక్కు, రైలు పట్టాల పక్క
ఎకరంన్నర ఎర్రమట్టి.
కాలనీవోళ్లు ట్యాంకర్ నీళ్లకు చందాలేసుకొని
పెంచిన చెట్లు.
యుద్ధంల పోయినోళ్లకు మనిషికొకటి.
ఎవలికేదని చీట్లు తీసిండ్రట:
కెప్టెన్ దినకర్‌కు కానుగ వచ్చింది,
వంటోడు లింగోజీకి
మబ్బులంటే మద్ది.

మొన్న మల్ల పిలిచిండ్రు.
అక్షరాలు మాసినయ్, దిద్దాలె అన్నరు.
థిన్నర్ డబ్బా, రెండో నంబరు బ్రష్షు పట్టుకొని పోయిన.
చూస్తే రేకులు లేవు.
లేకేం, ఉన్నయ్. చెట్లు తింటున్నయ్.
అంచుల మీదికి బెరడు పెదవుల్లెక్క వచ్చి
పండ్లూడిన ముసలమ్మ బెల్లంముక్క చప్పరించినట్టు
మెల్లగ లోపలికి తీసుకుంటున్నయ్.
సుబేదార్‌ల దార్ పోయింది.
జోసెఫ్‌ల జో ఒక్కటే మిగిలింది.
ఒక చెట్టుకైతే మొలతల తప్ప ఏం లేదు,
ఆడ ఎవరిని రాసిన్నో
నాకే యాదికి రాలె.
కార్యదర్శి సారు లిస్టు తీసి
వేలు పెట్టి వెతుకబట్టిండు.

నేరేడు కింద ముగ్గురు పోరగాళ్లు
నాలుకలు బయటవెట్టి
ఎవనిది ఎక్కువ ఊదాగున్నదో చూస్కుంటున్నరు.
వాచ్‌మన్ కర్ర లేపి ఉరికిండు.
"తిననియ్యరాదు" అన్నది ఎనుకనుంచి ఒకామె,
"ఈ చెట్టుపిలగాడు మాత్రం
దొంగకాయలు తినకుంటనే పెరిగిండా?"

నాంచారమ్మ అట. ఆలేరు నుంచి పుష్‌పుల్ ఎక్కి వచ్చింది.
పదిహేడో నంబరు యాపచెట్టు ఆమె తమ్ముడు.
రేకు దిక్కు చూసి, నా డబ్బా దిక్కు చూసి
"రాసింది నువ్వేనా?"
నేనే అన్న.
"బ కింద ఒత్తు పెట్టలే."

సిపాయి బిక్షపతి.
నలభై ఏండ్ల చెయ్యి నాది.
సినిమాల పేర్లు రాసిన, పార్టీల పేర్లు రాసిన,
పెండ్లి కార్లెనుక గులాబీ పువ్వుల నడుమ రాసిన,
ఈడ తప్పిన.
"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

ఆమె చెప్పులిడిచి మొదలు కాడ కూసున్నది.
"ఇంట్ల మేం బిచ్చిగా అంటుంటిమి.
ఒత్తు పెట్టి పిలిచింది బడిల సారొక్కడే, హాజరప్పుడు.
మల్ల పెట్టె వచ్చిననాడు
దాని మీద అంటించిన చీటీల చూసిన,
ఒత్తు సక్కగనే పెట్టిండ్రు.
నువ్వు తప్పు రాసినంక
మా వాని పేరు లెక్క కొట్టింది."

ఏమనాలె.
దగ్గరికి వంగి చూసిన.
కింది మొల కాడ బంక కారి గట్టిపడ్డది,
తేనెరంగుల, బియ్యపుగింజంత,
సరిగ్గ ఆ బ కిందనే.
గోరుతోని గీకుదామని చెయ్యి లేపి
దించిన.

సారు అంటున్నడు, వచ్చే నెల
గ్రానైటు పలక వేయిస్తరట,
పేర్లన్నీ ఒక్క కాడ, మిషన్‌తో చెక్కిస్తరట,
వందేండ్లు ఉంటదట.
నాంచారమ్మ ఇన్నదో ఇనలేదో,
లేచి, అందిన కొమ్మ వంచి
నాలుగు యాపపుల్లలు ఇరిచి
కొంగుల కట్టుకున్నది.
"మా ఊర్లె గూడ యాపచెట్లున్నయ్" అన్నది ఎందుకో.

దిద్దనిచ్చినయి పదకొండే.
పదకొండుకే పైసలు తీసుకున్న.
పోతపోత ఆమె నాకూ ఒక పుల్ల ఇచ్చిపోయింది.
గేటు కాడ నిలవడి
రైలు పోయిందాక నమిలిన.